నాలుగో లేను మీద ఎర్రజెండా

ఎర్రజెండా ఎత్తింది నేనే. దించనన్నదీ నేనే. ఎవరూ చెయ్యమనలేదు. తర్వాత నాచారంలోనూ ఉప్పల్‌లోనూ ఈ సంగతి రకరకాలుగా తిరిగింది. ఆ అమ్మాయి మాకు చుట్టమని ఒకరన్నారు. మా ఓనరు మీద పగతో చేశానని ఇంకొకరన్నారు. రెండూ కాదు.

ఘట్‌కేసర్ వెళ్లే దారిలో, లోపలికి, పాత రాళ్ల క్వారీ ఒకటుండేది. దాన్ని చదును చేసి తుపాకీ పోటీల కోసం షూటింగ్ రేంజ్ పెట్టారు. ఒక సంఘం వాళ్లు నడుపుతారు. కాల్చే ఒక్కొక్కరికీ ఒక వరస, దాన్నే లేను అంటారు, దాని చివర ఒక టార్గెట్. ఆ ఎలక్ట్రానిక్ టార్గెట్లన్నీ మా నాచారం వర్క్‌షాపులో చేసినవే. చేసి ఇచ్చాక వాటి మంచిచెడ్డలు చూసే పని ఇద్దరిది. ఇనుము, రబ్బరు, వైర్లు నావి. కంప్యూటరు తేజేష్‌ది. తేజేష్ భీమవరం నుంచి వచ్చిన ఇంజినీరు. నన్ను బాబాయ్ అంటాడు. నేను ఇంజినీరు సారూ అంటాను. ఎవరు ఎవర్ని ఎగతాళి చేస్తున్నారో ఇద్దరికీ తెలియదు.

ఈ టార్గెట్లలో పెద్ద మాయేమీ లేదు. ఒక చదరపు పెట్టె. ముందొక రబ్బరు షీటు, వెనకొక రబ్బరు షీటు, మధ్యలో చీకటి. నాలుగు మూలల్లో నాలుగు మైకులు. తూటా రబ్బరును చీల్చుకుని లోపలికి రాగానే చప్పుడవుతుంది. ఏ మైకుకు ముందు వినబడింది, ఏ మైకుకు వెనక వినబడింది అన్న దాన్నిబట్టి కంప్యూటరు లెక్క కడుతుంది. కాల్చినవాళ్ల పక్కనున్న స్క్రీను మీద చుక్క పెడుతుంది. అంత దూరం నడిచొచ్చి చూసే పని లేదు. స్క్రీను ఎక్కడ చూపిస్తే తూటా అక్కడ తగిలినట్టే. అందుకని ఆ పెట్టె అబద్ధం చెప్పకూడదు. మా పనంతా అదే.

రబ్బరు నడిమధ్యన అరిగి వెలుతురు కనబడుతుంటే షీటు మార్చాలి. మైకుల ముందు కందిరీగలు మట్టిగూళ్లు పెడితే చీపురుపుల్లతో తియ్యాలి. వానలప్పుడు సాకెట్లలో చెమ్మ చేరుతుంది, చీమలు చేరతాయి. ఫ్రేము ఒరిగిందేమో రసమట్టం పెట్టి చూడాలి. అన్నీ అయ్యాక నాలుగు మూలలా ఒక్కొక్క తూటా, నడుమ ఒకటి కాల్చి, చిల్లు ఉన్నచోటే స్క్రీను మీద చుక్క ఉందా అని సరిచూడాలి.

మేము టార్గెట్ల దగ్గర ఉన్నంతసేపు పక్కనున్న గుంజకు ఎర్రజెండా ఎగరాలి. జెండా ఎగురుతుంటే కాల్చే దగ్గర ఎవరూ తుపాకీ ముట్టరు. ఒకసారి నేను పెట్టె వెనక ఉండగానే ఎవడో పుణ్యాత్ముడు జెండా దించేశాడు. తూటా వచ్చి మట్టికట్టలో దిగింది. నా చెవికి గాలి తగిలింది. ఆ రోజు రేంజ్ ఆఫీసరు దయాకర్ సార్ నియమం పెట్టాడు. జెండా ఎవరు ఎత్తితే వాళ్లే దించాలి. ఇంకొక చెయ్యి పడితే, ఆ చెయ్యి ఎవరిదైనా సరే, మళ్లీ రేంజ్‌లోకి రానివ్వరు. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాడు కూడా.

సమ్మె జరుగుతున్న రోజులు. తెలంగాణ కోసం బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, ఉప్పల్ రింగ్ రోడ్డు మీద వంటావార్పులు. అయినా సంఘం వాళ్లు ట్రయల్స్ ఆపలేదు. ఆదివారం ఉదయం రాష్ట్ర పోటీలకు టీమును ఎంపిక చెయ్యాలి. నాలుగో లేను రబ్బరు అరిగిపోయి జల్లెడలా ఉందని శనివారం సాయంత్రం రేంజ్ నుంచి కబురొచ్చింది. నేనూ తేజేష్ వ్యాన్‌లో వెళ్లాం.

షీటు మార్చాలంటే మైకులు విప్పాలి. విప్పేముందు ఏ వైరు ఏ పక్కదో గుర్తు పెట్టాలి. నేను తెల్ల పెయింటుతో ఒక్కొక్క అక్షరం రాస్తాను. ఎప్పటి అలవాటో. పేర్లు పొడుగ్గా రాసే ఓపిక నాకు లేదు. విప్పాను, షీటు మార్చాను. కొత్త రబ్బరు బిర్రుగా ఉంటుంది, ముందు నిలబడి రెండు చేతులా నొక్కి పట్టాలి. నేను పట్టుకుని ఉంటే తేజేష్ వెనకనుంచి వైర్లు పెట్టేశాడు. మామూలుగా వైర్లు నేనే పెడతాను. ఆ రోజు పొద్దు గూకుతోంది.

ఇంతలో ఫోను మోగింది. మా ఓనరు అచ్యుతరావు.

"అయిపాయెనా హన్మయ్యా?"

"కాల్చి సూడాలె సార్."

"నడుమ ఒకటి కొట్టి సూడుండ్రి, సాలు. రోడ్డు మీద మళ్ల ఏదో లొల్లి అయితున్నదంట. వ్యాన్ వాపస్ రావాలె. జల్ది."

నడుమ ఒకటి కొట్టాడు తేజేష్. చుక్క నడుమనే పడింది. వచ్చేశాం.

తెల్లారి రేంజ్‌కు ముందుగా వచ్చింది సూర్యకళ. చిల్కానగర్ పిల్ల. నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. కాలేజీలో ఎన్‌సీసీలో తుపాకీ పట్టింది, ఇక వదల్లేదు. ఆదివారం సెలవంటే ఆమెకు రేంజే. సొంత రైఫిల్ కొనే స్తోమత ఆ ఇంట్లో లేదు. సంఘానివి కొన్ని రైఫిళ్లున్నాయి. టీములో పేరున్నవాళ్లకే అవి ఏడాదిపాటు ఇస్తారు. కిందటేడు ఆమె పేరు ఉంది. ఈసారి లేకపోతే ఆ రైఫిల్ అక్కడే అప్పజెప్పి ఇంటికి పోవడమే. అది అందరికీ తెలుసు. ఆమెకు అందరికంటే ఎక్కువ తెలుసు.

చీటీల్లో ఆమెకు నాలుగో లేను పడింది.

"నాలుగో లేను వడ్డది తాతా," అంది నా దగ్గరికొచ్చి. "టీముల గూడ లేను అంటరో ఏమో."

"పొద్దుగాల పొద్దుగాల గవేం మాటలు. పోయి పండుకో," అన్నాను. పడుకుని కాల్చే పోటీ అది. ఆమె నవ్వి వెళ్లింది.

ఏదైనా చెడితే చూసుకోవడానికి నేనూ తేజేష్ వెనక రేకుల షెడ్డు కింద కూర్చున్నాం. ముందు కొన్ని తూటాలు సర్దుకోవడానికి ఇస్తారు, తర్వాతివి లెక్కకు వస్తాయి. దయాకర్ సార్ స్క్రీన్లు చూసుకుంటూ వాళ్ల వెనక అటూ ఇటూ తిరుగుతున్నాడు. పాత మిలిటరీ మనిషి. సంఘానికి కోచ్ కూడా ఆయనే. రైఫిల్ మీద గురి సర్దే నాబు ఉంటుంది, తిప్పితే క్లిక్కు క్లిక్కుమని జరుగుతుంది. ఎవరి తూటా పక్కకు పోతుంటే వాళ్లకు ఆయనే చెబుతాడు, ఎటు ఎన్ని క్లిక్కులు తిప్పాలో.

"సూర్యకళా! కుడిదిక్కు వోతున్నది. ఎడమకు రెండు క్లిక్కులు."

ఆమె తిప్పింది, కాల్చింది.

"ఇంకా కుడికే వోయింది. తిప్పినవా, తిప్పినట్టు యాక్షన్ జేసినవా?"

"తిప్పిన సార్."

"ఇంకో రెండు తిప్పు."

తిప్పింది. చుక్క ఇంకా దూరం జరిగింది. పక్క లేను నుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"తిప్పినకొద్దీ దూరమే వోతున్నది సార్," అందామె.

"అయితే రైఫిల్ నీ మీద అలిగి పుట్టింటికి వోతున్నట్టున్నది. ఎడమంటే ఏ చెయ్యో ఎరికేనా? అన్నం తినని చెయ్యి. ఇంకో రెండు!"

అందరూ నవ్వారు. లెక్కకొచ్చే తూటాలు మొదలయ్యాయి. ఆయన చెబుతూనే ఉన్నాడు, ఆమె తిప్పుతూనే ఉంది. సగం పోటీ అయ్యాక టీ కోసం ఆపారు. బోర్డు మీద ఆమె అందరికన్నా అడుగున ఉంది. టీ తర్వాత మిగతా సగంలో అన్నీ పది కొట్టినా పైకి రాలేనంత అడుగున.

ఆమె టీ తాగలేదు. తిన్నగా మా షెడ్డు కిందికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవలేదు.

"తాతా, మీ డబ్బా నన్ను ఎక్కిరిస్తున్నది."

"ఏమైంది బిడ్డా?"

"ఇటు గుంజితే అటు వోతున్నది. నాకు తుపాకీ కొత్తదా? నా నాబు నాకు ఎరికలేదా? ఆఖరుకు సార్ సూడనప్పుడు ఒక క్లిక్కు ఉల్టా తిప్పిన. దగ్గరికొచ్చింది. ఉల్టా తిప్పితే సీదాగ వచ్చుడేంది?"

తేజేష్ గ్లాసు కింద పెట్టేశాడు. అతనికేదో తట్టినట్టుంది.

"పదండి బాబాయ్, ఒకసారి చూద్దాం."

వెళ్లాం. గుంజకు జెండా ఎత్తాను. నాలుగో లేను రబ్బరు నిన్న పెట్టిన కొత్తది. పొద్దుటినుంచి దాని మీద కాల్చింది ఆమె ఒక్కతే. చిల్లులన్నీ చక్కగా కనబడుతున్నాయి. నడుమ నిన్న మేము కొట్టిన చిల్లు. ఆమెవి ఎడమ పక్కకు వరసగా, ఒకదాని తర్వాత ఒకటి దూరం జరుగుతూ, చీమలబారులా ఉన్నాయి.

"స్క్రీను మీద ఎటున్నయి?" అన్నాను.

"కుడి పక్క," అన్నాడు తేజేష్ మెల్లగా.

అద్దంలో చూసుకున్నట్టు. నడుమది నడుమనే ఉంటుంది, పక్కవి తిరగబడతాయి. నిన్న ఒక్క మూలకు కొట్టినా దొరికిపోయేది.

తేజేష్ వెనక్కి పోయి మూత విప్పాడు. వైర్లు పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"బాబాయ్. మీరు 'ఎ' అని రాశారు. ఎ అంటే ఎడమే కదా?"

"ఎ అంటే ఎలపల."

"ఎలపల అంటే?"

"దాపల, ఎలపల. కాడికి రెండెడ్లు గడ్తరు. ఎడమదిక్కుది దాపలిది. కుడిదిక్కుది ఎలపలిది."

అతను నుదురు పట్టుకున్నాడు. "నేను ఎ అంటే ఎడమ అనుకుని ఎడమ పక్క సాకెట్లో పెట్టాను. దా అంటే దక్షిణం అనుకున్నాను. దక్షిణమంటే కుడి. అంతా భలే సరిపోయిందనుకున్నాను బాబాయ్."

"దక్షిణమా? మైకులకు పంతులును వెట్టి పూజ జేస్తున్నమా?"

"అసలు మీరు ఎడమ అనరా?"

"ఎందుకనం, అంటం. చేతులకంటం. జంటగ గట్టినయాటికి ఇట్లనే అంటం. నిన్న నన్నొక మాట అడుగుతే నీ నోట్లె ముత్యాలు రాలునా?"

"మీరు ఒక అక్షరం ఎక్కువ రాస్తే పెయింటు అయిపోయేదా?"

ఇద్దరం నవ్వాం. తర్వాత ఇద్దరం ఆ చీమలబారు వైపు చూశాం. నవ్వు పోయింది.

తేజేష్ అచ్యుతరావుకు ఫోను చేశాడు. ఆయన ఆ రోజు రేంజ్‌లోనే ఉన్నాడు, సంఘం పెద్దలతో కుర్చీలో. నడుచుకుంటూ వచ్చాడు. విన్నాడు. వెనక్కి తిరిగి ఎవరైనా వస్తున్నారా అని చూశాడు.

"మీ ఇద్దరికి ఎరికే. నాకు ఎరికే. నాలుగో మనిషికి ఎరిక గావద్దు. వైర్లు సీదా జెయ్యిండ్రి, మూత వెట్టుండ్రి, జెండా దించుండ్రి. మిగిలిన సగం మంచిగనే ఉంటది."

"పొద్దటిది?" అన్నాను.

"పొద్దటిది పొద్దుగాలనే వోయింది."

"ఆ పిల్ల వోయినట్టే గద సార్."

"వచ్చే ఏడు కొడ్తది. చిన్న పిల్ల, ఏం ముసల్దయిపోతున్నదా? వచ్చే నెల వేరే రేంజోళ్లు మన టార్గెట్లు సూడ వస్తున్నరు. గిప్పుడు గీ ముచ్చట బయటవడితే మన పెట్టెను ఎవడు గొంటడు? వర్క్‌షాపుల ఇంతమంది బతుకుతున్నరు, వాళ్ల గురించి నీకు ఫికర్ లేదా?"

"వచ్చే ఏడు కొట్టాలంటే చేతిల రైఫిల్ ఉండాలె గద."

"మూత వెట్టు హన్మయ్యా," అని వెళ్లిపోయాడు.

నేను మూత పెట్టలేదు. వైర్లు ముట్టలేదు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, గుంజ పక్కన సిమెంటు దిమ్మె ఉంటే దాని మీద కూర్చున్నాను. తేజేష్ నా ముఖంలోకి చూశాడు.

"ఏం చేస్తున్నారు బాబాయ్?"

"కూసున్న."

"జెండా?"

"అదేమంటున్నది నిన్ను? ఉండనియ్యి."

అతను దిమ్మె మీద నా పక్కన జాగా చూసుకుని కూర్చున్నాడు. వెళ్లమంటే వెళ్లేవాడేమో. నేను అనలేదు.

టీలు అయిపోయాయి. అవతల వాళ్లు పరుపుల మీద పడుకుని తుపాకీలు ముట్టకుండా ఎదురుచూస్తున్నారు. జెండా దిగలేదు. మొదట ఈల వేశారు. తర్వాత అరుపులు.

"ఓ తాతా! నిద్రవోయినవా?"

"జెండా దించు పెద్దాయనా, ఎండ గొడుతున్నది!"

"ఊరంతా బంద్‌లు సాలలేవని గిక్కడొకటి వెట్టినవా? ఒక్కనివే బంద్ జేస్తవా?"

"ఎర్రజెండా వట్టిండు. పార్టీల జేరిండు రా బై!"

జెండా గాలికి టపటప కొట్టుకుంటోంది. పాత గుడ్డ, అంచులు చీలికలైనాయి. వాచ్‌మన్ సగం దూరం వచ్చాడు. గోడ మీద రాసింది గుర్తొచ్చినట్టుంది, చేతులు వెనక పెట్టుకుని తిరిగిపోయాడు.

చివరికి దయాకర్ సారే వచ్చాడు. ఆయన వెంట అచ్యుతరావు.

"ఏంది హన్మయ్యా గిది? ఏమన్న పాము గిట్ల వచ్చిందా?"

"పాము కాదు సార్. డబ్బా అబద్ధం జెప్పింది."

అచ్యుతరావు గొంతు సవరించుకున్నాడు. నేను ఆయన వైపు చూడకుండా చెప్పేశాను. తేజేష్ చిల్లులు చూపించాడు. దయాకర్ సార్ వంగి చూశాడు. వేలితో ఒక్కొక్క చిల్లూ తడిమాడు. మిలిటరీ మనిషి కదా, అర్థం కావడానికి ఆలస్యం కాలేదు. కానీ లేచి నిలబడి తల అడ్డంగా ఊపాడు.

"సరే. ఉల్టా అయింది. అయితే ఏంది? ఎడమకు ఏడు కొడితే ఏడే, కుడికి ఏడు కొడితే ఏడే. నడుమనుంచి ఎంత దూరం అన్నదే మార్కు. అవునా కాదా ఇంజినీరూ?"

"అవునండి. మార్కు మారదు," అన్నాడు తేజేష్. అబద్ధం చెప్పే పిల్లాడు కాదు.

"మరింకేంది? స్కోరు స్కోరే. జెండా దించు."

నాకు మాటలు తక్కువ. ఆ పూట అవసరమైనన్ని వచ్చాయి.

"సార్. ఎడమకు తిప్పు, ఎడమకు తిప్పు అన్నది ఎవరు?"

"నేనే."

"ఏం సూసి అన్నరు?"

"స్క్రీను సూసి. ఇంకేం సూసి అంటరు?"

"మీరు అన్నరు, ఆమె తిప్పింది. మొదటి తూటా నడుమకు జానెడు దూరం గూడ లేదు, సూడుండ్రి. మీ మాట ఇననికాడికి ఆన్నే ఉండె. ఇన్నది గనుక గీడిదాక వచ్చింది." బారు చివర ఉన్న చిల్లు మీద వేలు పెట్టాను.

ఆయన ముఖం కందిపోయింది. "అంటే నాది తప్పంటవా?"

"డబ్బాది తప్పంట. డబ్బా మాది. మీరు డబ్బాను నమ్మిన్రు. ఆమె మిమ్ముల నమ్మింది. నమ్మినోళ్లందరు బాగనే ఉన్నరు, ఆమె ఒక్కతే ఎందుకు మునగాలె?"

"నువ్వు పనోనివి. పని జెయ్యి. ట్రయల్స్ గురించి మాట్లాడే హక్కు నీకు లేదు."

"లేదు సార్. జెండా దించే హక్కే ఉన్నది. ఆమె మళ్ల మొదటికెల్లి కాలుస్తదంటే దించుత. లేదంటే మీరు దించుకోండ్రి. గుంజ గీడనే ఉన్నది."

ఆయన గుంజ వైపు చూశాడు. చెయ్యి లేచింది కూడా. అంతదూరంలో అందరూ మమ్మల్నే చూస్తున్నారు. ఆ నియమం ఆయన నోటితో ఎన్నిసార్లు వినిపించాడో వాళ్లందరికీ తెలుసు. చెయ్యి దిగింది.

అప్పుడే సూర్యకళ వచ్చింది. తుపాకీ అక్కడే వదిలేసి, ఆ బరువు కోటుతోనే గబగబా నడిచొచ్చింది. నాకు దండం పెడుతుందేమో అనుకున్నాను. నా మీద విరుచుకుపడింది.

"ఎవరడిగిన్రు తాతా నిన్ను? నేనడిగిననా? ముసలాయన బంద్ వెడితే టీములకు వచ్చిందని రేపు నన్ను దెప్పరా? ఆడ ఇప్పుడే అంటున్నరు!"

"నీకోసం కాదు," అన్నాను.

"మరి ఎవరికోసం?"

"గా డబ్బా మీద నా చెయ్యి వడ్డది. అబద్ధమాడిన డబ్బాకు మూత వెట్టి మంచిగున్నదని నేను చెప్ప. నువ్వు కాలుస్తవో ఇంటికి వోతవో నీ ఇష్టం."

ఆమె రబ్బరు వైపు తిరిగింది. ఆ చిల్లులు అప్పుడే మొదటిసారి చూడటం. దగ్గరికి పోయి, మొదటి చిల్లు నుంచి చివరి చిల్లు దాకా చూసింది. తర్వాత తిరిగిన ముఖం వేరు.

"సార్," అంది దయాకర్ సార్‌తో. "తాత అడిగిండని కాదు. నేను అడుగుతున్న. నేను మళ్ల కాలుస్త. మొదటికెల్లి. పొద్దటిది నాది కాదు."

"మిగిలినోళ్లు ఊకుంటరా?"

"ఊకోకపోతే వచ్చి ఇది సూడుమనుండ్రి. సూసినంక గూడ నాదే తప్పంటే, రైఫిల్ ఈడనే వెట్టి నడుసుకుంట చిల్కానగర్ వోత. బస్సులు లేకపాయె."

దయాకర్ సార్ మళ్లీ ఆ చిల్లుల వైపు వంగాడు. అచ్యుతరావు ఆ సందు చూసుకుని ముందుకొచ్చాడు.

"సార్, మళ్ల కాల్పిస్తే కాల్పియ్యిండ్రి. కని అందరికి చెప్పేటప్పుడు టార్గెట్ ఖరాబని చెప్పకుండ్రి. మా పెట్టె మంచిదే. గీ ముసలాయన రాత ఎవ్వరికి సమజ్ గాదు. ఆయన ఒక్కని గలతీ. అట్ల చెప్పుండ్రి, అయిపోతది."

నేను ఏమన్నా అనేలోపే తేజేష్ లేచాడు.

"అట్లా చెప్పకండి సార్. అక్షరం ఆయనది. పిన్ను పెట్టిన చెయ్యి నాది. మూలలు కాల్చొద్దు, త్వరగా రండి అని ఫోను చేసింది మీరు. ఒక్కడి పేరు చెబితే ఒప్పుకోను."

"నువ్వు నా దగ్గర జీతగానివి!"

"అవునండి. అందుకే మీ ముందే చెబుతున్నాను, వెనక కాదు."

దయాకర్ సార్ ముక్కుతో నవ్వినట్టు చేశాడు. "అయితే నా పేరు గూడ జేర్చుండ్రి. క్లిక్కులు జెప్పినోణ్ని నేను." అని వెనుదిరిగాడు. నాలుగడుగులు వేసి ఆగి, "హన్మయ్యా, డబ్బా సీదా జెయ్యి. ఈసారి మూలలకు గూడ కొట్టి సూడు. అప్పుడే మళ్ల కాల్చుడు," అన్నాడు.

అవతల ఆయన ఏం చెప్పాడో ఇక్కడికి ముక్కలుగానే వినబడింది. గొంతు పెద్దది కాబట్టి కొన్ని బాగా వినబడ్డాయి. "క్లిక్కులు జెప్పింది నేనే" అన్నది వినబడింది. ఎవరో, "అయితే మాకు గూడ రెండోసారి ఛాన్సియ్యిండ్రి సార్" అన్నారు. "మీ డబ్బాలు మీకు నిజమే జెప్పినయి. ఇంకేం గావాలె మీకు?" అన్నాడాయన.

వైర్లు నేనే పెట్టాను. తేజేష్ పక్కన నిలబడి ఒక్కొక్కటీ పైకి చదివాడు. "ఎలపల పైది. ఎలపల కిందిది." నోరు తిరగక రెండుసార్లు "ఎలపర" అన్నాడు. నేను దిద్దలేదు. కొత్త రబ్బరు వేశాం. నేను జెండా దించి, కాల్చే దగ్గరికి వచ్చాను. తేజేష్ నాలుగు మూలలకూ కొట్టాడు, నడుమ కొట్టాడు. దయాకర్ సార్ నాతో టార్గెట్ దాకా నడిచి, మళ్లీ జెండా ఎత్తించి, చిల్లులు కళ్లారా చూసుకున్నాడు. స్క్రీనుతో సరిపోయాయి. జెండా దించి వచ్చేశాం.

సూర్యకళ పడుకుంది. నాబు పొద్దున తిప్పిన చోటే ఉంది. మొదటి తూటా ఎడమకు చాలా దూరం పోయింది. స్క్రీను కూడా ఎడమకే చూపించింది. ఆమె భుజాలు కొంచెం వదులయ్యాయి. దయాకర్ సార్ నోరు తెరిచాడు. మళ్లీ మూసి, చేతులు వెనక కట్టుకుని, "నువ్వే సూసుకో," అన్నాడు.

ఆమె చూసుకుంది. క్లిక్కు, క్లిక్కు. తూటా తర్వాత తూటా చుక్కలు కుడికి నడిచొచ్చాయి. నల్లటి వలయంలోకి వచ్చాయి. ఇక లెక్కకొచ్చేవి మొదలుపెడతానని చెయ్యెత్తింది. అప్పటిదాకా గుసగుసలు పెట్టినవాళ్లు ఊరుకున్నారు. ఎవరైనా అలా కాలుస్తుంటే పక్కవాడికి దగ్గు కూడా రాదు. అన్నీ పదులు కాదు. మధ్యలో ఒకటి ఎనిమిది పడింది. ఆమె బిగ్గరగా తిట్టుకుంది. తన చేతినే.

"గా ఎనిమిది నాదే సార్," అంది తల తిప్పకుండా. "రాసుకోండ్రి."

మధ్యాహ్నం మిగతా సగం కూడా అయ్యాక దయాకర్ సార్ టీము పేర్లు చదివాడు. సూర్యకళ పేరు అందరికన్నా చివర వచ్చింది.

"అడుగునా సార్?" అంది.

"అడుగునే."

"అడుగునున్నోళ్లకు రైఫిల్ ఇస్తరు గద?"

"ఇయ్యక ఏం జేస్తం. తీస్కపో."

సంచీలో పెట్టుకుని భుజానికి వేసుకుంది. ఓడిపోయిన కుర్రాడొకడు, "బంద్ టీము" అని గొణిగాడు. ఆమె ఆగింది. "అవ్. వచ్చే ఆదివారం రా, నా పక్క లేనుల పండుకో. సూద్దాం," అని వెళ్లిపోయింది. నాతో ఏమీ అనలేదు. అనాల్సిన పని కూడా లేదు.

అచ్యుతరావు వ్యాన్ దగ్గర మా కోసం నిలబడి ఉన్నాడు.

"రేపటికెల్లి ఇద్దరు రాకుండ్రి," అన్నాడు. తలుపు వేసుకున్నాడు. వ్యాన్ మమ్మల్ని వదిలేసి దుమ్ము లేపుకుంటూ పోయింది.

రోడ్డు దాకా నడిచాం. షేర్ ఆటోలు కూడా అరుదుగానే ఉన్నాయి. వచ్చినవి జనంతో వేలాడుతున్నాయి. నిలబడ్డాం. తేజేష్ బూటు కొనతో రాయిని అటూ ఇటూ తోస్తున్నాడు.

"ఇప్పుడేం చేద్దాం బాబాయ్?"

"ఐదో లేను గూడ అరిగింది. పొద్దుగాల జూసిన. మార్చాలె."

"రావద్దన్నారు కదా."

"అన్నడు."

"మరి?"

"పెట్టెలు మనం జేసినయి. ఆయన వద్దంటే గవి మంచిగయితయా? కోసిన షీటు వర్క్‌షాపుల ఉన్నది." జేబు తడిమి చూసుకున్నాను. "తాళం నా తాననే ఉన్నది. పొద్దుగాల్నే వచ్చెయ్యి."

దూరంగా ఉప్పల్ వైపు పోయే ఆటో కనబడింది. నిండుగా ఉంది. నేను రోడ్డు మధ్యకు పోయి చెయ్యి అడ్డం పెట్టాను.